మూడేళ్ల తర్వాత చదివినా అర్థమయ్యే స్పెక్ రాయడం ఎలా?

ఒకప్పుడు నేను పనిచేసిన టీమ్ చేతిలో నీళ్ల మోటారును నడిపే చిన్న కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ ఉండేది. భవనం కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. పై ట్యాంకు ఖాళీ అవుతుంటే మోటారు వేయాలి, నిండితే ఆపాలి. పని ఇంతే, స్పెక్ (సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేయాలో చెప్పే పత్రం, స్పెసిఫికేషన్) మాత్రం 140 పేజీలు. అందులో ఒక చోట, మోటారు ఆగాక 300 సెకన్లదాకా మళ్లీ స్టార్ట్ కాకూడదని ఉంది.

నీళ్లు ఆలస్యంగా ఎక్కుతున్నాయని కంప్లైంట్లు మొదలయ్యాయి. ఆ 300 ఎందుకు పెట్టారో ఎంత వెతికినా దొరకలేదు. రాసినాయన కంపెనీ మారి చాలాకాలమైంది. 30 చేసేశాం. టెస్టులన్నీ పాసయ్యాయి, అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. కొన్ని వారాలకు మోటారు వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలిపోయిందని ఒక ఫోన్ వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి. రెండు చోట్లా సంపులోకి నీళ్లు సన్నగా వస్తాయి. మోటారు కాసేపు తోడుతుంది, సంపు అడుగంటగానే ఆగుతుంది, కాసిని నీళ్లు చేరగానే మళ్లీ లేస్తుంది. స్టార్ట్ అయిన ప్రతిసారీ మామూలుగా నడిచేటప్పటికంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. దాంతో పుట్టే వేడి చల్లారడానికే ఆ 300 సెకన్లు.

ఆ స్పెక్‌లో తప్పు ఒక్కటి కూడా లేదు. ప్రతి వాక్యం నిజమే. అయినా అవసరమైన రోజున అక్కరకు రాలేదు. ఏం చేయాలో ఉంది, ఎందుకో లేదు. ఏం చేస్తుందో తెలుసుకోవడానికి కోడ్ చదివితే చాలు. కోడ్‌లో కనిపించని దాన్ని రాసి పెట్టడానికే స్పెక్. ఆ దెబ్బ తర్వాత నేను స్పెక్ రాసే పద్ధతి పూర్తిగా మారిపోయింది. ఆ పద్ధతినే, అదే మోటారు ఉదాహరణతో, ఇక్కడ వరసగా చెబుతాను. మనలో ఎక్కువమందిమి ఆఫీసులో స్పెక్‌లు ఇంగ్లిష్‌లోనే రాస్తాం. ఉదాహరణలు తెలుగులో ఇస్తున్నాను గానీ, పద్ధతి ఏ భాషకైనా ఒకటే.

1. ముందు చదివేదెవరో తేల్చుకోండి

చాలా స్పెక్‌లు సంతకం పెట్టే రోజు కోసం తయారవుతాయి. క్లయింట్ చూస్తాడు, మేనేజర్ చూస్తాడు, ఆమోదం వస్తుంది, ఫైల్ ఒక ఫోల్డర్‌లోకి వెళ్తుంది. దాన్ని మళ్లీ తెరిచే మనిషి వేరు. రాత్రి పదింటికి బగ్ వెతుకుతూ వస్తాడు, లేదా టీమ్‌లో చేరి రెండు వారాలే అయి ఉంటుంది. ఆ మనిషి మొదటి పేజీ నుంచి చదవడు. ఒక పదం కొట్టి వెతికి, నేరుగా మధ్యలో దిగుతాడు.

అతని ప్రశ్నలు సాధారణంగా మూడే. ఇది బగ్గా, కావాలనే ఇలా పెట్టారా? ఇలా ఎందుకుంది? దీన్ని మారిస్తే ఇంకేం పాడవుతుంది? ఖాళీ ఫైల్ తెరవగానే ఈ మూడు ప్రశ్నలూ పైన టైప్ చేసి ఉంచుకోండి. చివర్లో తీసేయవచ్చు. రాస్తున్న ప్రతి పేరా వీటిలో ఒకదానికైనా జవాబు చెబుతోందా అని చూసుకుంటే, సగం పేజీలు వాటంతటవే రాలిపోతాయి. మా 140 పేజీల్లో 'ఈ డాక్యుమెంట్ ఉద్దేశం', 'ఈ డాక్యుమెంట్ పరిధి', 'ఈ డాక్యుమెంట్ ఎవరికోసం' అన్నవే 9 పేజీలు తిన్నాయి.

2. ఏం సాధించాలో ఒక పేజీలో రాయండి

'మోటారును నియంత్రించడం' లక్ష్యం కాదు, అది చేసే పని. లక్ష్యాలు ఇలా ఉండాలి:

ల-1. మోటారు కాలిపోకూడదు, నీళ్లు లేకుండా తిరగకూడదు.
ల-2. పై ట్యాంకు పొంగకూడదు.
ల-3. పై ట్యాంకులో ఎప్పుడూ నీళ్లుండాలి.

ఈ వరస ఊరికే వేసింది కాదు. ఒక లక్ష్యం ఇంకోదానికి అడ్డొస్తే ఏది గెలవాలో ఈ క్రమమే చెబుతుంది. సంపులో నీళ్లు లేవు, పైన ట్యాంకు ఎండిపోతోంది, ఏం చేయాలి? ల-1 ముందుంది కాబట్టి మోటారు వేయకూడదు. నీళ్లు రాకపోతే జనం తిడతారు, మోటారు కాలితే నాలుగు రోజులు నీళ్లే ఉండవు. ఆ మాట కూడా అక్కడే రాయండి. కంప్లైంట్లు వచ్చినప్పుడు మా టీమ్‌కు ఈ ఒక్క పేజీ ఉన్నా, ల-3 కోసం ల-1ను బలిపెడుతున్నామని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

ఇదే పేజీలో ఈ సాఫ్ట్‌వేర్ చేయనివి కూడా రెండు మూడు లైన్లలో పెట్టండి. పైపు లీకైతే ఇది పట్టుకోదు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయా లేవా చూడదు. ఇవి రాయకపోతే తర్వాత వచ్చేవాళ్లు, ఇది చేయాల్సిందేమో, పాడైపోయిందేమో అని రెండు రోజులు వెతుకుతారు.

3. దేన్ని నమ్ముకుని కడుతున్నారో బయటపెట్టండి

అన్ని మెట్లలోకీ దీని మీదే ఎక్కువ సమయం పెట్టమంటాను. ప్రతి సాఫ్ట్‌వేర్ కిందా కొన్ని ఊహలుంటాయి. రాసేవాళ్లకు అవి ఎంత సహజమంటే, ఊహలని కూడా తోచదు.

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలిసారి ఎగిరింది. సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైపోయింది. రాకెట్ ఎటు తిరిగి ఉందో, ఎంత వేగంతో పోతోందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. అందులో అడ్డం వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోటు ఉంది. విలువ పట్టలేదు, ఓవర్‌ఫ్లో అయింది, యూనిట్ ఆగిపోయింది. స్పేర్‌గా పెట్టిన రెండో యూనిట్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ అదే కారణంతో పడిపోయింది.

ఇందులో నన్ను పట్టేసిన సంగతి వేరే ఉంది. ఇది ఎవరూ చూసుకోకపోవడం వల్ల జరిగిన పొరపాటు కాదు. అలా ఓవర్‌ఫ్లో అయ్యే అవకాశమున్న వేరియబుల్స్ 7 ఉన్నాయని ఇంజినీర్లు ముందే గుర్తించారు. ప్రాసెసర్ లోడ్ 80 శాతం దాటకూడదన్న లక్ష్యం ఉండటంతో 4 వేరియబుల్స్‌కు రక్షణ పెట్టి, మిగిలిన 3 ఆ హద్దులు దాటే అవకాశం లేదని లెక్కవేసి వదిలేశారు. ఏరియన్ 4 వరకు ఆ లెక్క కరెక్టే. ఏరియన్ 5 మొదటి క్షణాల నుంచే అడ్డంగా చాలా ఎక్కువ వేగం అందుకుంటుంది. విచారణ బోర్డు తన నివేదికలో ఏం చెప్పిందంటే, వదిలేయడానికి కారణం సోర్స్ కోడ్‌లో నేరుగా ఎక్కడా లేదు, డాక్యుమెంట్ల గుట్టలో ఆ ఊహ బయటివాళ్ల కంటపడకుండా ఉండిపోయింది, కావాలని దాచింది మాత్రం కాదు. మా 300 సెకన్ల కథ కూడా, కొలత చిన్నదే గానీ, అచ్చం ఇదే.

కాబట్టి ఊహలకు ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టండి. ఒక్కో ఊహకూ నాలుగు విషయాలు రాయండి: ఏమనుకుంటున్నాం, దానికి పూచీ ఎవరు, అది తప్పయితే ఎలా తెలుస్తుంది, ఏ నియమాలు దాని మీద నిలబడ్డాయి.

ఊ-2. మోటారు గంటకు 12 స్టార్ట్‌ల వరకు తట్టుకుంటుంది.
పూచీ: మోటారు తయారీదారు ఇచ్చిన డేటాషీట్.
తప్పయితే: సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మోటారు మార్చినప్పుడల్లా మనిషి చూడాలి.
దీని మీద ఆధారపడినవి: ని-7 (ఆ 300 సెకన్ల నియమం).

మూడో లైన్ చూడండి. 'సాఫ్ట్‌వేర్‌కు తెలియదు' అని రాయడానికి మొహమాటపడొద్దు. ఆ లైన్ రాయగానే, మోటారు మార్చే టెక్నీషియన్ చెక్‌లిస్ట్‌లో ఒక లైన్ చేర్చాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది.

ఊహలు వెతకడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. స్పెక్‌లో కనిపించే ప్రతి అంకె దగ్గరా ఆగి, ఇది రెట్టింపైతే ఏమవుతుంది, సున్నా అయితే ఏమవుతుంది అని అడుగుతాను. సెన్సార్ రీడింగ్ 2 సెకన్లకోసారి వస్తుందా? 20 సెకన్లకోసారి వస్తే ట్యాంకు పొంగదూ? అయితే అదీ ఊహే. కాలానికి సంబంధించిన ఊహలు మరీ మోసం చేస్తాయి. సమయాన్ని 1970 నుంచి గడిచిన సెకన్లుగా, ప్లస్-మైనస్ రెండూ పట్టే 32 బిట్ల అంకెలో లెక్కపెట్టే సిస్టమ్‌లు 2038 జనవరి 19న లెక్క తప్పుతాయి. వాటిని రాసినప్పుడు, ఈ ప్రోగ్రామ్ అప్పటిదాకా ఎక్కడ బతుకుతుందిలే అన్నదీ ఒక ఊహే, అదీ ఎవరూ రాయలేదు.

4. ఒక వాక్యం, ఒక నియమం

ఇక ప్రవర్తన రాయడం. వాక్యానికి ఒకే మూస పెట్టుకోండి: ఏ స్థితిలో, ఏం జరిగితే, ఎవరు, ఏం చేయాలి. రోల్స్ రాయిస్‌లో అలిస్టర్ మావిన్ బృందం 2009లో ప్రచురించిన ఇయర్స్ (EARS) అనే, రిక్వైర్‌మెంట్లు రాసే పద్ధతి కూడా ఇలాంటి కొన్ని మూసలే ఇస్తుంది. తెలుగులో ఇది సులువుగా కుదురుతుంది, మన వాక్యంలో షరతు ముందొచ్చి పని చివర్న రావడం మామూలే కదా.

మోటారు ఆగి ఉన్నప్పుడు, పై ట్యాంకు మట్టం 30 శాతం కంటే తగ్గితే, కంట్రోలర్ మోటారును స్టార్ట్ చేయాలి.

'30 శాతం దగ్గర' అనలేదు, '30 కంటే తగ్గితే' అన్నాం. సరిగ్గా 30 ఉంటే స్టార్ట్ కాదు. ఈ ఒక్క మాట తేలక డెవలపర్ ఒకలా, టెస్టర్ ఒకలా అనుకుని, టికెట్ మూడుసార్లు అటూ ఇటూ తిరగడం మీరూ చూసే ఉంటారు.

కర్తను మింగేసే వాక్యాలతో జాగ్రత్త. 'అలర్ట్ పంపబడుతుంది.' ఎవరు పంపుతారు? కంట్రోలరా, సర్వరా? రెండు టీమ్‌లూ అవతలివాళ్లు పంపుతారనుకుంటాయి, చివరికి ఎవరూ పంపరు. 'వెంటనే', 'తగినంత', 'వీలైనంత త్వరగా', 'మొదలైనవి' లాంటివి గోడ మీద పిల్లి మాటలు. 'వెంటనే' అంటే ఎన్ని సెకన్లో చెప్పండి. చెప్పలేకపోతే ఆ విషయం మీరింకా తేల్చుకోలేదన్నమాట, స్పెక్ పక్కనపెట్టి ముందు అది తేల్చుకోండి.

తప్పనిసరి, ఉంటే మంచిది, ఇష్టం. ఈ మూడింటికీ మూడు క్రియారూపాలు ఖాయం చేసుకుని స్పెక్ మొత్తం వాటినే వాడండి: 'చేయాలి', 'చేస్తే మంచిది', 'చేయవచ్చు'. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఇదే గొడవ పడలేక 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో ఏ మాటకు ఎంత బలమో నిర్వచించి పెట్టుకున్నారు. పదాల విషయంలోనూ అంతే. ఒక చోట 'సంపు', ఇంకో చోట 'కింది ట్యాంకు', మరో చోట 'సోర్స్' అంటే, అవి మూడు వేర్వేరు వస్తువులని నమ్మేవాళ్లు తప్పకుండా పుడతారు. స్కూల్లో తెలుగు మేడమ్ ఒకే మాట మళ్లీ మళ్లీ వాడొద్దని చెప్పింది నిజమే. స్పెక్‌లో ఆవిడ మాట వినకండి.

5. షరతులు పెరిగితే పట్టిక వేయండి

మోటారు స్టార్ట్ చేయడానికి నాలుగు షరతులున్నాయి. సెన్సార్లు పనిచేస్తున్నాయా, సంపులో నీళ్లున్నాయా, పై ట్యాంకు తగ్గిందా, 300 సెకన్లు గడిచాయా. వీటిని వాక్యాల్లో రాస్తే 'ఒకవేళ', 'అయితే', 'కాని పక్షంలో' అంటూ పేరా పొడుగునా సాగుతుంది. చదివేవాళ్లు తల ఊపుతారు, అర్థం మాత్రం కాదు. పట్టిక వేయండి.

మోటారు ఆగి ఉన్నప్పుడు (మట్టాలు శాతాల్లో):

| వరస | సెన్సార్లు | సంపు మట్టం | పై ట్యాంకు మట్టం | ఆగాక 300 సెకన్లు | కంట్రోలర్ చేయాల్సింది |
|---|---|---|---|---|---|
| 1 | పనిచేయడం లేదు | ఏదైనా | ఏదైనా | ఏదైనా | ఆపే ఉంచాలి, అలర్ట్ పంపాలి |
| 2 | పనిచేస్తున్నాయి | 15 కంటే తక్కువ | ఏదైనా | ఏదైనా | ఆపే ఉంచాలి |
| 3 | పనిచేస్తున్నాయి | 15 లేదా ఎక్కువ | 30 లేదా ఎక్కువ | ఏదైనా | ఆపే ఉంచాలి |
| 4 | పనిచేస్తున్నాయి | 15 లేదా ఎక్కువ | 30 కంటే తక్కువ | కాలేదు | ఆపే ఉంచాలి |
| 5 | పనిచేస్తున్నాయి | 15 లేదా ఎక్కువ | 30 కంటే తక్కువ | గడిచాయి | స్టార్ట్ చేయాలి |

దీంతో ఒక లాభం, లెక్క సరిచూసుకోవచ్చు. అవును-కాదు షరతులు నాలుగంటే మొత్తం 16 సందర్భాలు. మొదటి వరస 8 సందర్భాలను మింగుతుంది, రెండోది 4, మూడోది 2, చివరి రెండూ చెరొకటి. కూడితే 16. ఏదీ మిగల్లేదు, ఏదీ రెండుసార్లు రాలేదు. పేరాల్లో రాసిన నియమాలకు ఈ లెక్క ఎలా వేస్తారు?

రెండో లాభం ఇంకా పెద్దది. ఇలాంటి పట్టిక వేస్తున్నప్పుడే ఒకామె అడిగింది, "కరెంటు పోయి వస్తే 'ఆగాక 300 సెకన్లు' కాలమ్‌లో ఏం రాయాలి?" అని. అందరం నోళ్లు మూసుకున్నాం. కంట్రోలర్ కొత్తగా ఆన్ అయినప్పుడు మోటారు ఎప్పుడు ఆగిందో దానికి తెలియదు. అప్పుడే ఆగినట్టు లెక్కేసి 300 సెకన్లు ఆగాలా, వెంటనే వేయాలా? ల-1 ముందుంది కాబట్టి ఆగాలి అని తేల్చి, ఒక కొత్త నియమం రాశాం. 140 పేజీల పాత స్పెక్‌లో ఈ ప్రశ్నే లేదు.

ఇది కొత్త కిటుకేమీ కాదు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో డేవిడ్ పార్నాస్, క్యాథరిన్ హెనింగర్ తదితరులు 1978లో ఏ-7 విమానం సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్లను ఇలా పట్టికలతోనే రాశారు. మోటారు నడుస్తున్నప్పటికి మీరు ఇంకో పట్టిక వేయాలి (90 శాతానికి చేరితే ఆపాలి, సంపు 15 కంటే తగ్గితే ఆపాలి, సెన్సార్ పోతే ఆపాలి). అది మీకే వదిలేస్తున్నాను. షరతులు ఒకటో రెండో అయితే మాత్రం పట్టిక వేయకండి, వాక్యమే నయం.

6. ప్రతి నియమం పక్కనే కారణం

ఇప్పుడు ఆ 300 సెకన్ల నియమాన్ని మళ్లీ రాద్దాం.

ని-7. మోటారు ఆగిన తర్వాత 300 సెకన్లు గడిచేదాకా కంట్రోలర్ దాన్ని మళ్లీ స్టార్ట్ చేయకూడదు.
ఎందుకు: స్టార్ట్ అయినప్పుడల్లా వైండింగ్ బాగా వేడెక్కుతుంది. చల్లారకముందే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే కాలిపోతుంది (ల-1). సంపులోకి నీళ్లు సన్నగా వచ్చే చోట ఇది రోజూ జరగగలదు.
300 ఎక్కడిది: గంటకు 12 స్టార్ట్‌లు (ఊ-2). 3600ను 12తో భాగిస్తే 300.
వద్దనుకున్నది: సంపు 15కు ఆపి, 25కు చేరాకే స్టార్ట్ చేయడం. సంపులోకి ధార మరీ సన్నగా ఉన్న చోట 25 చేరడానికి గంటలు పడుతుంది, ఈలోగా పై ట్యాంకు ఎండిపోతుంది (ల-3).
మార్చాలంటే: కొత్త మోటారు గంటకు ఎన్ని స్టార్ట్‌లు తట్టుకుంటుందో డేటాషీట్‌లో చూసి, 3600ను ఆ అంకెతో భాగించండి.

అయిదు లైన్లు. ఇవి ఉండుంటే మేం 30 చేసేవాళ్లం కాదు. అంతేకాదు, కంప్లైంట్లకు మంచి పరిష్కారం కూడా దొరికేది: ఎక్కువ స్టార్ట్‌లు తట్టుకునే మోటారు పెట్టిన చోట ఆ అంకె తగ్గించవచ్చు. కారణం రాయడమంటే మార్పును ఆపడమని చాలామంది అనుకుంటారు. ధైర్యంగా మార్చగలిగేది కారణం తెలిసినప్పుడే. తెలియకపోతే ఒకరు కళ్లు మూసుకుని మార్చేస్తారు, ఇంకొకరు భయంతో పదేళ్లు ముట్టుకోరు.

'వద్దనుకున్నది' అన్న లైన్ చాలామంది రాయరు. ఓడిపోయిన ఆలోచనకు చోటెందుకని. రాయకపోతే ప్రతి ఆరు నెలలకూ ఎవరో ఒకరు మీటింగ్‌లో అదే ఆలోచనను కొత్తగా కనిపెడతారు, దాన్ని కొట్టేయడానికి మళ్లీ గంట పడుతుంది. ఒక్క నియమానికి పరిమితం కాని పెద్ద నిర్ణయాలుంటాయి. ఏ డేటాబేస్, సర్వర్ ఉండాలా వద్దా లాంటివి. వాటికి విడిగా ఒక్కో పేజీ రాసి తేదీ వేయండి. అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, దాని పర్యవసానాలు ఉంటే చాలు. మైకేల్ నైగార్డ్ 2011లో ఈ ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు, ఇప్పుడు చాలా టీమ్‌లు వాడుతున్నాయి.

అన్ని నియమాలకూ అయిదేసి లైన్లు అక్కర్లేదు. 'నిండితే ఆపాలి' అన్నదానికి కారణం రాయడమంటే చదివేవాళ్ల తెలివిని అవమానించడమే. చూడగానే 'ఇదేంటి ఇలా ఉంది' అనిపించే నియమాలకు మాత్రం తప్పకుండా రాయండి.

7. నంబర్లు ఇవ్వండి, మళ్లీ మార్చకండి

ల-1, ఊ-2, ని-7 అని పెట్టుకుంటూ వచ్చాం కదా. వీటిని కోడ్ కామెంట్లలో, టెస్ట్ పేర్లలో వాడండి. 300 అని ఉన్న లైన్ పక్కన ని-7 అని ఉంటే వెతకడం క్షణం పని. ఒక నియమం తీసేస్తే ఆ నంబర్‌ను ఇంకోదానికి ఇవ్వొద్దు. 'ని-7: తీసేశాం, కారణం ఇదీ' అని ఒక లైన్ ఉంచండి. వరస బాగుండాలని అన్నీ మళ్లీ 1 నుంచి వేస్తే కోడ్‌లో ఉన్న గుర్తులన్నీ అబద్ధాలవుతాయి. నియమం నుంచి లక్ష్యానికి, లక్ష్యం నుంచి నియమానికి ఇలా దారి వేయడం గురించి ఎంఐటీలో నాన్సీ లెవెసన్ చాలా పని చేశారు. ఆమె పద్ధతిలో పై స్థాయి కింది స్థాయికి 'ఎందుకు' చెబుతుంది. మనం చేసింది దానికి బాగా చిన్న రూపం.

రాయడంతోనే పని అయిపోలేదు, కీలకమైన ప్రతి నియమానికీ దాన్ని పరీక్షించే టెస్ట్ ఒకటుండాలి. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గర పోయింది. థ్రస్టర్ల ప్రభావాన్ని న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని ఇంటర్‌ఫేస్ స్పెక్‌లో ఉంది. నేల మీది సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చింది. తేడా దాదాపు 4.45 రెట్లు. స్పెక్ సరిగ్గానే ఉంది, దాని ప్రకారం వస్తోందా అని చూసినవాళ్లు లేరు. మా టెస్టులదీ ఇంకో రకం తప్పు. 300ను 30 చేసినప్పుడు టెస్ట్ ఫెయిలైంది, మేం టెస్ట్‌లోనూ 30 వేసి పాస్ చేయించుకున్నాం. ఆ టెస్ట్ పేరులో ని-7 అని, స్పెక్‌లో దాని కారణం ఉండుంటే, అంకె మార్చే ముందు అది చదివి ఆగేవాళ్లమేమో.

స్పెక్ ఫైల్ కోడ్ ఉన్న రిపోజిటరీలోనే (కోడ్ దాచే చోటే), మామూలు టెక్స్ట్‌గా ఉండాలి. కోడ్ మారిన పుల్ రిక్వెస్ట్‌లోనే (మార్పును రివ్యూకు పంపే అభ్యర్థనలోనే) స్పెక్ కూడా మారాలి. వేరే డ్రైవ్‌లో 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' అన్న పేర్లతో పడున్నదాన్ని ఎవరూ అప్‌డేట్ చేయరు. రివ్యూ చేసేవాళ్లు అడగాల్సింది ఒకటే: ఈ మార్పుతో స్పెక్‌లో ఏ లైన్ అబద్ధమైంది?

8. మారబోయేవాటిని ముందే గుర్తించండి

ఒక చిన్న జాబితా చాలు. రెండో మోటారు పెట్టవచ్చు. సెన్సార్ రకం మారవచ్చు. అలర్ట్ ఫోన్‌కు బదులు ఇంకెక్కడికో వెళ్లవచ్చు. ఒక్కోదాని పక్కన అది మారితే ఏ నియమాలు కదులుతాయో నంబర్లు రాయండి. 'సెన్సార్ రకం' పక్కన 14 నంబర్లు వచ్చాయంటే డిజైన్‌లోనే ఏదో తేడా ఉంది. సెన్సార్ వివరాలన్నీ ఒక్క చోట దాచి, మిగతా నియమాలకు 'మట్టం శాతం' మాత్రమే తెలిసేలా చేయాలి. మారేదాన్ని ఒక మాడ్యూల్ లోపల దాచమని 1972లోనే చెప్పింది ఇందాకటి పార్నాసే. కోడ్ రాశాక ఇది దిద్దడం కష్టం, స్పెక్ దశలో ఒక మధ్యాహ్నం పని.

9. వేరేవాళ్ల చేత చదివించండి

స్పెక్ అయిపోయాక ఆ ప్రాజెక్ట్ తెలియని ఒకరిని కూర్చోబెట్టండి. 'ఎలా ఉంది?' అని అడగకండి, బాగుందనే అంటారు. ప్రశ్నలివ్వండి. 300ను 120 చేయవచ్చా? కరెంటు వచ్చిన నిమిషానికి కూడా మోటారు లేవలేదు, ఇది బగ్గా? సంపు సెన్సార్ లేని భవనంలో దీన్ని వాడవచ్చా? ఏ లైన్ చూసి జవాబు చెప్పారో చూపించమనండి. మీరు పక్కనే ఉండండి గానీ నోరు విప్పొద్దు. ఇది అనుకున్నదానికంటే కష్టం. 'అది కాదు, అక్కడ మా ఉద్దేశం ఏంటంటే' అని మీ నోటి నుంచి రాబోతే ఆపుకుని, ఆ మాటనే ఫైల్‌లో రాసుకోండి. స్పెక్‌లో లేనిది సరిగ్గా అదే.

ఎంత రాసినా కొంత రాతలోకి రాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో రాసిన వ్యాసంలో, ప్రోగ్రామ్ గురించిన అసలు అవగాహన దాన్ని కట్టినవాళ్ల బుర్రల్లో ఉంటుందని, డాక్యుమెంట్ దాన్ని పూర్తిగా మోయలేదని వాదించాడు. నేను ఒప్పుకుంటాను. అందుకే రాసినవాళ్లు వెళ్లిపోయే ముందు పెట్టే కేటీ సెషన్‌లో (తమకు తెలిసింది అప్పగించే సమావేశంలో) స్లైడ్లు చదివించకుండా, పై ప్రశ్నల్లాంటివే అడిగి, వచ్చిన జవాబులను స్పెక్‌లో చేర్చండి.

పాత సిస్టమ్‌కు స్పెక్కే లేకపోతే?

మొత్తం కూర్చుని రాద్దామనుకోకండి, మూడో వారానికి నీరుగారిపోతుంది. మీరు ముట్టుకున్న భాగానికి మాత్రమే రాయండి. ఒక బగ్ సరిచేస్తే దానికి సంబంధించిన రెండు నియమాలు, ఒక ఊహ. కారణం తెలియని చోట కారణం కల్పించకండి. కల్పించిన కారణాన్ని తర్వాత వచ్చేవాళ్లు నిజమని నమ్మి దాని మీద కట్టేస్తారు. 'ఎందుకో తెలియదు, ఫలానా రెండు టీమ్‌లను అడిగాం, తెలిసేదాకా మార్చొద్దు' అని తేదీ వేసి రాయండి.

మోటార్లు కాలిన తర్వాత మేం అదే చేశాం. 'ఎందుకో తెలియదు' అని రాసినవి 11 తేలాయి. ఏడాదిలో నాలుగింటికి కారణాలు దొరికాయి. ఒకటైతే పాత హార్డ్‌వేర్ కోసం పెట్టింది, ఆ హార్డ్‌వేర్ ఇప్పుడు ఎక్కడా లేదు. ఇంకొకటి ఎవరో టెస్టింగ్ కోసం పెట్టి తీయడం మర్చిపోయిన అంకె. ఆ రెండూ తీసేశాం. ఎందుకు తీసేశామో వాటి నంబర్ల పక్కనే రాశాం.